ద్రౌపది క్షమించింది, సర్దుకుపోలేదు

"క్షమించేయ్, మనసు తేలికపడుతుంది." ఈమధ్య ఎక్కడ విన్నా ఇదే మాట. అవతలివాడి కోసం కాదట, మన ఆరోగ్యం కోసమట. అందులో నిజం లేకపోలేదు. కానీ క్షమ అంటే అంతేనా అని సందేహం వచ్చినప్పుడు, పోతన భాగవతం ప్రథమస్కంధంలోని ద్రౌపది దగ్గరికి వెళ్ళాలనిపిస్తుంది.

కథ తెలిసిందే. నిద్రపోతున్న అయిదుగురు ఉపపాండవుల్ని అశ్వత్థామ చంపుతాడు. అర్జునుడు అతన్ని తాళ్ళతో కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తాడు. ఆమె గురుపుత్రుడని నమస్కరించి, వదిలేయమంటుంది. ఇంతే గుర్తుపెట్టుకుని మనం ఆమెని క్షమామూర్తిని చేసేశాం.

అయితే ఆ రెంటికీ మధ్య ఆమె అడిగిన ప్రశ్న ఉంది. పిల్లలు ఆయుధాలు పట్టి నీ మీదికి రాలేదు, యుద్ధభూమిలో లేరు, నీకే కీడూ చెయ్యలేదు, చీకట్లో నిద్రపోతున్న వాళ్ళని చంపడానికి చేతులెలా వచ్చాయని అతని ముఖమ్మీదే అడుగుతుంది. నేరాన్ని పూసగుచ్చినట్టు చెప్పాకే ఆమె క్షమిస్తుంది. "పోనీలే" అన్న మాట ఆమె నోట రాదు.

వదిలేయమనడానికి ఆమె చెప్పే కారణాల్లో నన్ను కదిలించేది ఒకటుంది: నేను ఏడుస్తున్నట్టు ఇతని తల్లి ఏడవకూడదు. ఇందులో తన మనశ్శాంతి ప్రసక్తే లేదు. ఆమె దుఃఖం తగ్గిందని కవి ఎక్కడా అనడు. దుఃఖం ఇంకో ఇంటికి పాకకుండా ఆపుతోందంతే. భారతం సౌప్తికపర్వంలో ఇదే ద్రౌపది, అశ్వత్థామ ప్రాణం తియ్యాలని పట్టుబట్టి ప్రాయోపవేశానికి కూర్చుంటుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఈ క్షమ ఎంత కోపాన్ని దాటి రావాలో తెలుస్తుంది.

భీముడు ఒప్పుకోడు, చంపబోతాడు. ద్రౌపది అడ్డొస్తుంది. కృష్ణుడు నాలుగు చేతులవాడై రెండు చేతులతో భీముణ్ణి ఆపి, రెండు చేతులతో ద్రౌపదిని పక్కకి తప్పిస్తాడు. కోపానికీ కరుణకీ చెరో రెండు చేతులు! చివరికి అశ్వత్థామ తల గొరిగి, శిరోమణి తీసుకుని, వెళ్ళగొడతారు. ప్రాణం మిగిలింది, మర్యాద మిగల్లేదు. క్షమించడమంటే మళ్ళీ ఇంట్లోకి రానివ్వడం కాదన్నమాట.

వదిలేస్తే మారాడా? లేదు. ఉత్తర గర్భం మీదికి బ్రహ్మాస్త్రం వేశాడు. అయినా ద్రౌపది చేసింది తప్పని కావ్యం అనదు.

ఈ ఘట్టంలో ఇబ్బంది లేకపోలేదు. బ్రాహ్మణుడు, గురుపుత్రుడు అన్న వాదన కూడా అతన్ని కాపాడింది. ఆ పుట్టుక లేనివాడికి ఇంత దయ దొరికేదా అని ఇవాళ్టి పాఠకుడు అడుగుతాడు, అడగాలి కూడా. తల్లి ఏడుపు గురించిన మాటకి మాత్రం ఏ కులం ఆసరా అక్కర్లేదు.

క్షమ అంటే ఓర్పు, క్షమ అంటే నేల. ఆ రెండర్థాలూ కలిపేసి, భూదేవంత ఓర్పు ఉండాలని ఆడవాళ్ళకి చెబుతూ వచ్చాం. మొగుడు కొట్టినా, అత్తింట్లో అవమానించినా "క్షమించేయమ్మా" అంటున్నాం. అలా చెప్పేవాళ్ళు ఈ ఘట్టాన్ని మళ్ళీ చదవాలి. ద్రౌపదిని క్షమించమని ఎవరూ బతిమాలలేదు, బలవంతపెట్టలేదు. ఆమె వైపు భీముడున్నాడు. అప్పుడు కట్టేసి ఉన్నవి నేరం చేసినవాడి చేతులు, ఆమెవి కావు.