పురుషులకు హార్మోనుల సంతాన నిరోధము: ఎలుక సాక్ష్యము ఎంతవరకు?

పురుషులకు హార్మోనులతో తాత్కాలిక సంతాన నిరోధము సాధ్యమనియు, మందు ఆపినచో సంతానశక్తి తిరిగి వచ్చుననియు తరచు వార్తలు వెలువడును. వాటిలో పెక్కింటికి ఆధారము ఎలుకలపై జరిపిన ప్రయోగములు. ప్రయోగములు అసత్యములు కావు. వాటినుండి తీయు ముగింపులే పరీక్షింపదగినవి.

ఇందలి సూత్రము సులభము. మెదడు అడుగున నుండు పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అను హార్మోనులను పంపి వృషణములచే పని చేయించును. వెలుపలినుండి టెస్టోస్టిరోను ఇచ్చినచో పిట్యూటరీ తన పని తగ్గించును; శుక్రకణముల తయారీ క్రమముగా నిలిచిపోవును. మందు ఆపిన పిదప మరల ఆరంభమగును.

అయితే శుక్రకణము తయారగుటకు ఎలుకలో సుమారు 52 రోజులు, మనుష్యునిలో సుమారు 74 రోజులు పట్టును. కావున ఎలుక కోలుకొనిన గడువు మనుష్యునికి కొలత కాజాలదు. పైగా శుక్రకణములు మిక్కిలి తగ్గినను ఎలుకకు పిల్లలు కలుగవచ్చును. కణముల లెక్క వేరు, సంతానశక్తి వేరు.

ఎఫ్.ఎస్.హెచ్. కథ ఇంకను బోధకరము. ఈ హార్మోను లేకుండ పుట్టించిన మగ చుంచెలుకలకు సంతానము కలిగినట్లు 1997లో వెల్లడైనది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎన్.ఆర్. ముద్గల్ బృందము దక్షిణ భారతపు బొన్నెట్ కోతులలో ఇదే హార్మోనును టీకాతో అడ్డగించగా అవి సంతానశక్తి కోల్పోయి, ప్రతిరక్షకములు తగ్గిన పిదప తిరిగి పొందినవి. 1997లో వెలువడిన నివేదిక ప్రకారము అట్టి టీకాను ఐదుగురు పురుషులకు ఇచ్చినపుడు శుక్రకణములు తగ్గినవే గాని పూర్తిగా పోలేదు. ఒకే హార్మోను, మూడు జీవులు, మూడు సమాధానములు!

ఎలుక తన మనోవ్యథను చెప్పుకొనజాలదు. 320 మంది పురుషులకు టెస్టోస్టిరోను, నోరెథిస్టిరోను ఇంజెక్షన్లు ఇచ్చిన అంతర్జాతీయ పరిశోధనను, మనఃస్థితి మార్పులు మొదలగు దుష్ఫలితముల వలన 2011లో ముందుగానే ఆపిరి. 2016లో వెలువడిన నివేదిక ప్రకారము ఏడాదిలో శుక్రకణములు కోలుకొన్నవారు నూటికి 94.8 మంది. మిగిలినవారి మాటను ‘తాత్కాలికము’ అను పదము కప్పివేయరాదు.

అట్లని ఈ పరిశోధన అనవసరమనరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున వివాహితులలో స్త్రీల శస్త్రచికిత్సపై ఆధారపడినవారు నూటికి 37.9, పురుషుల శస్త్రచికిత్సపై 0.3 మాత్రమే. ఈ భారము పంచుకొనవలసినదే. కాని ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతపు మారుమూల గూడెములో మాటిమాటికి శుక్రకణముల లెక్క చూపించుకొనుట సులభమా? అచటి దంపతులకు మాట ఇచ్చుటకు ముందు రుజువు గట్టిదై ఉండవలెను.

ఇట్టి వార్త తరగతిలో చదివినపుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయవలెను: ఏ జంతువులో? లెక్కించినది కణములనా, పుట్టిన పిల్లలనా? మందు ఆపిన పిదప ఎంతకాలము గమనించిరి?