విద్యార్థి చేతికి సముద్రం

1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించిన ఓషనోగ్రఫీ మెమోయిర్స్ మొదటి సంపుటానికి విశాఖ తీరమే ప్రయోగశాల. సముద్ర విజ్ఞానం అప్పటికి ఓడలూ డబ్బూ ఉన్న కొద్ది దేశాల సొత్తు. బంగాళాఖాతం ఒడ్డున పుట్టినవాళ్లు దాన్ని స్వయంగా కొలిచి చెప్పింది బహు తక్కువ. ఆ లోటును ఈ సంపుటం ఎంత నేర్పుగా పూడ్చిందో చూడాలి.

1952లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖలోని వాల్తేరు వచ్చారు. భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహాదేవన్ తోడయ్యారు. భారత నౌకాదళం ఓడలిచ్చింది. పరిశోధక విద్యార్థులకు పాఠం నీళ్ల మీదే జరిగింది. బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరాన్ని తీగకు కట్టి దించితే, లోతు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత ఎలా మారుతోందో లోపలి గాజుపలక మీద సన్నని గీత పడుతుంది. దాన్ని తప్పులేకుండా చదవడానికి చెయ్యి తిరగాలి, ఓర్పు కావాలి.

లాఫాండ్, బోరేశ్వరరావు కలిసి రాసిన వ్యాసం ఆ ఓర్పుకు మచ్చుతునక. ఒక్క కొలతతో తేల్చెయ్యకుండా మళ్లీ మళ్లీ కొలిచి, సముద్రం లోపలి పొరలు ఆటుపోట్ల లయలో లేచి దిగుతున్నాయని చూపారు. మరో వ్యాసంలో లాఫాండ్ కారణాలను గొలుసుకట్టుగా పేర్చారు. వేసవిలో నైరుతి గాలి తీరం వెంట వీస్తుంది, పైనీరు బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని ఉప్పునీరు పోషకాలతో ఎగదన్నుకొస్తుంది. శరత్తులో గాలి మారితే నీరు ఒడ్డుకు చేరి కిందికి దిగుతుంది. గణపతి, మూర్తి నీటి ఉప్పదనాన్నీ ఉష్ణోగ్రతనూ పరిశీలించారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వ్యాసాల కింది పేర్లు. వచ్చిన నిపుణుడు కొలతలు మూటగట్టుకుని వెళ్లిపోలేదు. ఇక్కడివాళ్లు రచయితలయ్యారు, ఇక్కడి విశ్వవిద్యాలయమే అచ్చు వేసింది. తర్వాత తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భ లోయలకు లాఫాండ్ ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు.

ఇలాంటి పనే అమెరికాలోనూ జరిగింది: అక్కడ 1988లో మొదలైన మేయర్‌హాఫ్ కార్యక్రమం నల్లజాతి విద్యార్థులను డిగ్రీ రోజుల్లోనే పరిశోధనలోకి దించింది. సూత్రం ఇదే: డిగ్రీ పూర్తయ్యేదాకా గుమ్మం బయట నిలబెట్టకుండా నిజమైన ప్రశ్నను చేతికివ్వడం. పాడేరు గిరిజన విద్యార్థికీ, భీమిలి మత్స్యకారుల పిల్లకూ డిగ్రీ మొదటి ఏడే ఆ అవకాశం రావాలి. విశాఖలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. ఒక రుతువంతా వాళ్లచేత కొలిపించి, ఫలితాన్ని వాళ్ల పేరుతోనే అచ్చు వెయ్యడం ఈ ఊరికి కొత్త విద్య కాదు.