చీకట్లో కట్టిన నవల

అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్ రాసిన ‘ఎర్త్‌సీ’ నవలలంటే నాకు చాలా ఇష్టం. వాటితో కొన్ని పేచీలూ ఉన్నాయి. కానీ లేని లోకాన్ని మాటలతో ఎలా నిలబెట్టాలో ఎవరైనా అడిగితే, 1971 నాటి ‘ది టూమ్స్ ఆఫ్ అటువాన్’నే చేతికిస్తాను.

కథ టెనార్‌ది. పసితనంలోనే ఇంటినుంచి తెచ్చి, పేరు తీసేసి, పేరులేని చీకటి శక్తులకు పూజారిణిని చేస్తారు. సమాధుల కింద పెద్ద గుహ. అక్కడ దీపం వెలిగించడం నిషిద్ధం. చేత్తో గోడ తడుముతూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ ఆ పిల్ల దారులు నేర్చుకుంటుంది. ఆమెతోపాటు మనమూ. ఆ పేజీల్లో కంటికి పనే లేదు. రాతి స్పర్శ, చల్లటి గాలి, అడుగుల చప్పుడు, అంతే.

ఒకనాడు అక్కడ వెలుగు! దొంగతనంగా చొరబడ్డ మాంత్రికుడు గెడ్ కర్ర నుంచి వస్తోంది. తన ఏలుబడిలోని గుహను టెనార్ అప్పుడే తొలిసారి చూస్తుంది. స్ఫటికాలు, తెల్లని సున్నపురాతి నగిషీలు. లోపల ఉన్నది నల్లటి భయమే అనుకుంటూ పెరిగిన పిల్లకు ఇంత అందం కనబడటమే ఆమె నమ్మకంలో మొదటి బీట. ఎవరూ ఆమెతో వాదించలేదు, బోధించలేదు. మన కళ్ళనూ అంతసేపు కట్టి ఉంచబట్టే ఆ వెలుగు మనకూ తగులుతుంది. ఎర్త్‌సీ మొదటి నవల నాయకుడైన గెడ్‌ను అంతదాకా ఆపి, తీరా అతణ్ణి చంపాల్సిన అమ్మాయి కళ్ళతో చూపించడం ఎంత సాహసం!

ఈ దాచి ఉంచే నేర్పు తప్పినచోటే నాకు నిరాశ. 1972లో వచ్చిన ‘ది ఫార్దెస్ట్ షోర్’లో గెడ్, యువరాజు అరెన్‌కు జీవితం గురించి, మరణం గురించి చెబుతూనే ఉంటాడు. మరో పేచీ: 1968 నాటి తొలి నవలలో మంత్రవిద్యాలయం మగపిల్లలకే, ఆడవాళ్ళ మంత్రం నాసిరకం. అది అప్పటికీ ఇప్పటికీ ముల్లే.

ఆ లోటు లెగ్విన్‌నూ వదల్లేదు. 1990లో ‘టెహాను’ రాశారు. టెనార్ ఇప్పుడు నడివయసు వితంతువు. మేకలు, అంట్లు, ఒళ్ళు కాలిన ఒక పసిపిల్ల. శక్తిని పోగొట్టుకుని వెనక్కి వచ్చిన గెడ్. ఇంటిపనిని ఇంత గౌరవంగా రాసిన ఫాంటసీ నాకు మరొకటి తెలియదు. చివర్లో మాత్రం డ్రాగన్ ఎగిరొచ్చి దుర్మార్గుల్ని క్షణంలో బూడిద చేస్తుంది. రెండోసారి చదివితే దానికి బీజాలు ముందే వేసి ఉన్నాయని తెలుస్తుంది. తొందర మాత్రం తొందరలాగే ఉంది.