పట్టేసిన స్టీరింగుకు మేస్త్రి వైద్యం

నూజివీడు మామిడి తోటల్లో పాత ట్రాక్టరుకు ఇంకా పని తప్పలేదు. కొమ్మలు నేలబారుగా వాలే చోట, చెట్టు చెట్టుకీ మలుపు తిప్పాల్సిన చోట పొట్టి బండే అక్కరకొస్తుంది. మద్రాసులో 1960లో మొదలైన టాఫే కంపెనీ తెచ్చిన మాస్సీ ఫెర్గూసన్లు గానీ, మహీంద్రా వారి బి-275లు గానీ, ఆ కాలపు బళ్లకు పవర్ స్టీరింగు లేదు. మలుపు భారమంతా డ్రైవరు భుజాల మీదా, ముందు చక్రాలు పక్కకు తిరిగే నిలువు పిన్నులైన కింగ్‌పిన్నుల మీదా పడుతుంది.

పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టేటప్పుడు బండి తోటంతా తిరుగుతుంది. కోతలయ్యాక తొలకరికి దున్నుతుంది. మిగతా నెలలు చెట్టు కిందే. ముందు ఇరుసుకు పట్టిన ఎర్రమట్టి, మందునీళ్లు అలాగే ఉండిపోతాయి. అరిగిన సీలు సందున నీరు దిగి, పాత గ్రీజు గట్టిపడి, కింగ్‌పిన్నుకీ బుష్షుకీ మధ్య తుప్పు చేరుతుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అక్కడున్న సందేమో మిల్లీమీటరులో చిన్న వంతు. అంతే, స్టీరింగు పట్టేస్తుంది.

అనుభవమున్న మేస్త్రి ముందుగా సుత్తి పట్టడు. ముందు ఇరుసును జాకీతో లేపి, కింద దుంగలు పెట్టి, స్టీరింగు రాడ్లు విడదీస్తాడు. అప్పుడు స్టీరింగు తేలిగ్గా తిరిగితే స్టీరింగు పెట్టెలో లోపం లేనట్టే. ఇక ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూస్తాడు. ఏది మొరాయిస్తే జబ్బు అక్కడే. ఈ పరీక్ష చెయ్యకుండా స్టీరింగు పెట్టె విప్పించుకుని డబ్బు పోగొట్టుకున్న రైతులు ఎందరో!

తర్వాత మట్టి గీకి, మూసుకుపోయిన గ్రీజు నిపుల్ తీసి, ఆ రంధ్రంలో కిరసనాయిలు, డీజిలు పోసి రాత్రంతా వదిలేస్తారు. మర్నాడు చక్రాన్ని ఇటు కొంచెం, అటు కొంచెం ఆడిస్తారు. వచ్చినంత మేరే తిప్పి మళ్లీ నూనె పోస్తారు. ఒక్కసారిగా బలం పెడితే స్టీరింగు ఆర్మ్ వంగుతుంది, లేదా కీ తెగుతుంది.

చక్రాలను కలిపే కడ్డీ కొస కీలైన టైరాడ్ ఎండుది వేరే కిటుకు. నట్టు పూర్తిగా తియ్యకుండా మరకు సమంగా ఉంచుతారు. కన్నున్న ఆర్మ్ పక్కకు ఒక బరువైన సుత్తిని ఆనించి పట్టుకుని, ఎదుటి పక్కన ఇంకో సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ వేస్తారు. దెబ్బకు కన్ను క్షణకాలం సాగి, లోపలి టేపర్ పిన్ను పట్టు వదులుతుంది. మర మీద కొడితే మాత్రం మర పాడవుతుంది, పిన్ను కదలదు. స్టీరింగు పెట్టె షాఫ్టుకు బిగించే డ్రాప్ ఆర్మ్ తీసే ముందు షాఫ్టుకీ దానికీ పంచ్‌తో గుర్తు పెడతారు. గుర్తు తప్పి బిగిస్తే చక్రాలు ఒక పక్కకే ఎక్కువ తిరుగుతాయి.

నూనెకు లొంగకపోతే గ్యాసు మంట. 25 మిల్లీమీటర్ల రంధ్రం 200 డిగ్రీలు వేడెక్కితే 0.06 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తుప్పు పట్టు విడిపించడానికి చాలాసార్లు అది చాలు. చల్లారుతుండగా కొవ్వొత్తి తాకిస్తే కరిగిన మైనం సందులోకి దిగుతుంది. స్టీరింగు ఆర్మ్‌ను ఎర్రగా కాల్చడం మాత్రం నేను ఒప్పుకోను. దాని బలం పోతుంది, ఆ బలం మీదే డ్రైవరు ప్రాణం ఆధారపడి ఉంది. వంగినదాన్ని కాల్చి సరిచేసి వాడటం అంతకన్నా తప్పు.

కింగ్‌పిన్ను ఊడాక అరిగిన బుష్షు మార్చి, కొత్తదాన్ని రీమరుతో పిన్నుకు సరిపోయేలా గీయించాలి. విజయవాడ ఆటోనగర్ లేతు షాపుల్లో ఈ పని తెలిసినవాళ్లున్నారు. కింగ్‌పిన్ను చక్కగా ఉన్న బండికి ఇరుసు మొత్తం మార్చమని ఎవరైనా చెబితే, ఒప్పుకునే ముందు వాళ్లకు ఒకసారి చూపించండి.

ఈ ఏడు కోతలు కాగానే ఒక పని చెయ్యండి. బండి బరువు చక్రాల మీద ఉండగా గ్రీజు కొడితే అడుగు బేరింగు దాకా చేరదు. ముందు ఇరుసును జాకీతో లేపి, చక్రాలు అటూ ఇటూ తిప్పుతూ, పాత నల్లటి గ్రీజు పోయి కొత్తది బయటికొచ్చేదాకా కొట్టండి.