పెడల్ మీద కాలు, శబ్దం మీద చెవి

విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డు క్లచ్‌లకు గట్టి పరీక్ష. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసిన సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. అలాంటి చోట చేయి తిరిగిన మెకానిక్ దగ్గరికి పాత డీజిల్ కారు వస్తే వెంటనే పానా పట్టడు.

“ఏటి బాబూ, శబ్దం ఎప్పుడొస్తంది?”

సగం రోగం ఆ ప్రశ్నలోనే తేలుతుంది. ఇంజను స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, పెడల్ మెల్లగా తొక్కుతాడు. తొక్కగానే కీచుమంటే అనుమానం రిలీజ్ బేరింగ్ మీదికి పోతుంది. వదిలినప్పుడు గురగురలాడి, తొక్కితే సద్దుమణిగితే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును చూడాలి. బండి కదిలేటప్పుడు వణుకుంటే ప్లేటుకు ఆయిల్ అంటిందేమో, ఇంజను మౌంటింగులు పోయాయేమో. ఈ రెండో సంగతి చూడకుండా క్లచ్ విప్పేసేవాళ్లూ లేకపోలేదు!

ఫ్లైవీల్ దగ్గర కథ మారుతుంది. అంబాసిడర్ డీజిల్‌లో అది ఒకే ఇనప చక్రం. స్కోడా ఆక్టావియా టీడీఐ లాంటివాటిలో రెండు ముక్కలు, మధ్యలో స్ప్రింగులు. అవి నీరసిస్తే స్లోలో గడగడ, ఇంజను ఆపేటప్పుడు దడేల్‌మని చప్పుడు. గేర్‌బాక్సు దించాక ఆ రెండు ముక్కలనూ చేత్తో అటూ ఇటూ తిప్పి ఎంత ఆడుతోందో చూస్తాడు. ఖర్చుకు జంకి ఒకే ముక్క చక్రం వేయమనే ఓనర్లుంటారు. అప్పుడు అదురు గేర్‌బాక్సు మీద పడుతుందని మంచి మెకానిక్ ముందే చెబుతాడు. ఎలాగూ దించాం కదా అని ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు ఒకేసారి మార్పిస్తాడు. కూలీ రెండుసార్లు పడదు.