కత్తెర ఎక్కడ ఆగింది?

ఒక నవల మంచిదో కాదో మా అమ్మీ నోటితో చెప్పేది కాదు. పాత కరీంనగర్ జిల్లా కోరుట్లలో, మా వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ముందేసుకుని బీడీలు చేసేవాళ్లు. చదువొచ్చిన ఒకామె కిరాయికి తెచ్చిన ఉర్దూ నవల పైకి చదివేది. ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చేసిపెట్టేవాళ్లు. ఇబ్నె సఫీ జాసూసీ నవలలు నేను అట్లా విన్నవే. కథ మామూలుగా నడుస్తుంటే తునికాకు కత్తిరించే చప్పుడు ఆగేది కాదు. ఎక్కడో ఒకచోట కత్తెరలన్నీ ఒక్కసారే ఆగేవి. ఆ రోజు బీడీలు తగ్గేవి, కూలీ తగ్గేది. కూలీ పోయినా సరే అని విన్నదే మంచి నవల.

తర్వాత నేను తెలుగు విమర్శ చదువుకున్నాను. వస్తువు, శిల్పం, దృక్పథం అని మూడు తూకపురాళ్లు దొరికాయి. తూచే చెయ్యి ఎవరిదని మాత్రం ఎవరూ అడగలేదు. చెయ్యి అందరిదీ ఒకటే అనుకున్నారు.

కాదని నాకు తెలిసింది 'కొమురం భీం' నవలతో. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన ఆ నవల 1983లో వచ్చింది. గోదావరి అవతలి ఆదిలాబాద్ అడవి కథ. అమ్మీకి తెలుగు చదవరాదు. నేనే మా ఉర్దూలోకి మార్చి చెప్పాను. అడవి మాదంటే మాదన్న సర్కారు మీద గోండులు తిరగబడుతుంటే వాకిట్లో కత్తెరలు ఆగాయి. ఇంతలో సిద్దీఖ్ వచ్చాడు. గోండుల పంట మీదికొచ్చిన పట్టాదారు. నేను ఆ పేరు మింగేసి 'ఒక పట్టాదారు' అన్నాను.

ఎందుకు మింగాను? 1948 తర్వాత పుట్టిన వాళ్లం కూడా రజాకార్ల లెక్క అప్పజెప్పాల్సి వస్తున్నది కనుక. ఆ పేరు చదివిన క్లాసు నా వైపు తిరిగి చూస్తుందని తెలుసు కనుక. 1940లో జోడేఘాట్ మీదికి పోలీసులతో వెళ్లిన తాలూక్‌దార్ పేరు అబ్దుల్ సత్తార్. ఆ పేజీ ఎట్లా చదవాలా అని అప్పటికే భయం పట్టుకుంది.

అమ్మీ పసిగట్టింది. "నామ్ క్యా హై రే ఉస్కా?" చెప్పాను. "సిద్దీఖ్ హై తో క్యా హువా? ఉనే హమ్నా క్యా దియా?" అంది. వాడు మనకేమిచ్చాడని వాడి పాపం మనం మోయాలి? నా సిగ్గంతా ఒక్క మాటతో దులిపేసింది. వెంటనే ఇంకోటి అడిగింది: "ఉస్కే ఘర్ మే బర్తన్ కౌన్ ధోతే?" వాడింట్లో అంట్లు తోమేదెవరు?

అది ఆ ఒక్క నవలకు వేసిన ప్రశ్న కాదు. నేను చదివిన తెలంగాణ నవలల్లో నాకు పేర్లతో గుర్తున్నది జాగీర్దార్, అమీన్, రజాకార్. టాంగా తోలేవాడు, దూదేకేవాడు, బీడీలు చుట్టే ఆమె పేర్లు గుర్తులేవు. సిద్దీఖ్ ఉన్నందుకు నేను మార్కులు తగ్గించను. అట్లాంటి వాళ్లున్నారు. వాడి పక్కనే మా ఇల్లు ఎందుకు లేదన్నది నా పేచీ.

ఈ మాటంటే సెక్యులర్ మిత్రులు కొందరు 'నీకు వర్గదృష్టి లేదు' అంటారు. అంట్లు తోమేదెవరని అడగడం కన్నా వర్గదృష్టి ఇంకేముంది? మావాళ్లు కొందరు 'అట్లాంటి పుస్తకం చదవడమెందుకు' అంటారు. చదవకుండా తీర్పు చెప్పడం ఎంత సులువో 2020లో చూశాం. 'ఆర్ఆర్ఆర్' టీజర్‌లో భీం తల మీద టోపీ కనపడగానే, సినిమా రాకముందే గొడవ మొదలైంది. అది 2022లో గాని విడుదల కాలేదు. పేరు చూసి, టోపీ చూసి మార్కులేసే దారిలో మేమూ నడిస్తే వాళ్లకూ మాకూ తేడా ఏముంది?

నా తప్పూ చెప్పాలి. సలీం 'వెండి మేఘం' లాంటి నవల చేతికొస్తే, మావాడు రాశాడని పేజీ తెరవకముందే నాలుగు మార్కులు వేసేస్తాను. అది ప్రేమే గాని విమర్శ కాదు. మా ఇళ్లలో ఆడవాళ్లు, దూదేకుల వాళ్లు మా రచనల్ని అడగాల్సిన ప్రశ్న కూడా అమ్మీ ప్రశ్నే. 'కొమురం భీం' రాసిన ఇద్దరూ గోండులు కారు. ఒక గోండు పాఠకుడు దాన్ని ఎక్కడ ఆగి చదివాడో, ఎక్కడ నొచ్చుకున్నాడో నేను వినాలి. నా లెక్క అతని లెక్కను కొట్టెయ్యలేదు.

కనుక నవల గొప్పదో కాదో ఒక్కమాటలో తేల్చకండి. మీరెక్కడ ఆగారో చెప్పండి, ఏ పేరు దగ్గర గొంతు తగ్గించారో చెప్పండి. ఏ పేరు దగ్గరా గొంతు తగ్గించాల్సిన అవసరం రాని వాళ్లయితే, అది కూడా చెప్పండి. అప్పుడే మన మార్కులకు విలువ.

ఆ రాత్రి అబ్దుల్ సత్తార్ పేరు మింగకుండా చదివాను. వాకిట్లో ఒక్క కత్తెరా కదల్లేదు.