బరువుకు భుజమొక్కటే చోటు కాదు

వరి కోతల వేళ పొలం గట్టున కాసేపు నిలబడితే, మనుషులు బరువు మోసే తీరులన్నీ కళ్ళబడతాయి. ఒకామె గడ్డిమోపు తలకెత్తుకుంటుంది. ఇంకొకామె బిడ్డను చంకనేసుకుని నీళ్ళ బిందెతో నడుస్తుంది. హమాలీ ధాన్యం బస్తాను వీపు మీద వేయించుకుని ముందుకు వంగుతాడు. కావడి మోసేవాడికి ఒక్క భుజమే ఆధారం. ఊళ్ళో గుండు ఎత్తే పందెం జరిగితే, కుర్రాడు ఆ రాతిని రెండు చేతులా పొట్టకు అదుముకుని లేస్తాడు. అందరినీ లేపేవి కాళ్ళే. బరువు కూర్చున్న చోటు మాత్రం ఎవరిది వారిది.

జిమ్‌లో అడుగు పెట్టగానే ఈ సంగతి మరిచిపోతాం. స్క్వాట్, అంటే కూర్చుని లేచే కసరత్తు చేయాలంటే, మెడ వెనక బార్ పెట్టుకుని తీరాలని చాలామంది నమ్మకం. భుజం వెనక్కి తిరగనివాళ్ళు కొందరు పళ్ళ బిగువున నొప్పి భరిస్తారు. కొందరు కాళ్ళ కసరత్తే మానేస్తారు. రెండూ నష్టమే. స్క్వాట్ తొడలకు, పిరుదులకు, నడుముకు సంబంధించిన కసరత్తు. అందులో భుజం పని బరువుకు అరుగులా ఉండటమే. అరుగు సరిగా లేకపోతే బరువును వేరే చోట దింపుకోవచ్చు.

చిక్కు ఎక్కడుంది?

బార్‌ను వీపు పైభాగాన నిలపాలంటే మోచేతులు కిందికి, వెనక్కి వెళ్ళాలి. అదే సమయంలో భుజం కీలు బయటికి తిరగాలి. బార్‌ను ఇంకాస్త కిందికి, భుజపుటెముకల దగ్గరికి దించితే ఈ తిరుగుడు మరింత కావాలి. రోజంతా కంప్యూటర్ ఎదుట వంగి కూర్చునేవారికి ఛాతీ కండరాలు బిగుసుకుని, వీపు పైభాగం గూనిగా నిలిచిపోతుంది. అలాంటి వీపు మీద భుజం స్వేచ్ఛగా తిరగలేదు. పాత దెబ్బలున్నవారి సంగతి సరేసరి. భుజం బిగుసుకుపోయే జబ్బు, అంటే ఫ్రోజెన్ షోల్డర్, ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వస్తుంది. మధుమేహం ఉన్నవారిలో మరింత ఎక్కువ. చక్కెర జబ్బు లేని ఇల్లు అరుదైపోయిన మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

భుజం తిరగనప్పుడు శరీరం ఆ లోటును మరోచోట అప్పు తెచ్చి పూడుస్తుంది. మణికట్టు వెనక్కి విరుగుతుంది, మోచేయి లోపలివైపు నొప్పి పుడుతుంది, నడుము అవసరానికి మించి లోపలికి వంగుతుంది. మోచేతి నొప్పికి మందు రాసుకుంటూ ఏళ్ళు గడిపేవారికి, దాని మూలం స్క్వాట్‌లో ఉండవచ్చన్న ఆలోచనే రాదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. గోడకు వీపు ఆనించి నిలబడండి. మోచేతులను భుజాల ఎత్తుకు లేపి, అరచేతులు ముందుకు చూసేలా చేతులు పైకి మడవండి. నడుము గోడ నుంచి విల్లులా లేవకుండా మీ చేతుల వెనకభాగం గోడను తాకితే ఫరవాలేదు. తాకకపోతే బార్‌ను మెడ వెనక పట్టుకోవడం మీకు కష్టమే.

ముందుగా చిన్న సర్దుబాట్లు చేసి చూడాలి. చేతులను బార్ మీద ఇంకాస్త ఎడంగా పెట్టడం, బార్‌ను కొంచెం పైకి జరపడం, బొటనవేలిని కూడా మిగతా వేళ్ళతో పాటు బార్ పైనే ఉంచడం. కొందరి ఇబ్బంది ఇక్కడే తీరిపోతుంది. తీరనివారి కోసమే ఈ కింది దారులు.

మనకు ముందే తెలిసిన దారి

తాలింఖానాల్లో వస్తాదులు శిష్యుల చేత దండీలు, బస్కీలు తీయించేవారు. గామా పహిల్వాన్ రోజుకు వేలల్లో బస్కీలు తీసేవాడని ప్రతీతి. గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నడిపించుకున్న మన కోడి రామమూర్తి నాయుడు కూడా ఇలాంటి దేశీ కసరత్తుల కాలం మనిషే. బస్కీ అంటే మన దేశీ స్క్వాటే; అందులో చేతులు ముందుకు, వెనక్కి ఊగుతాయి. కిందికి దిగినప్పుడు మడమలు లేస్తాయి.

గుంజీలు మరోరకం. కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి పట్టుకుని, పాదం నేలకు ఆనించి కూర్చుని లేస్తాం. వినాయకుడి ముందు తీసినా, బడిలో పంతులుగారి ముందు తీసినా భంగిమ అదే. మోచేతులు ఛాతీ ముందుకే వస్తాయి కాబట్టి భుజం వెనక్కి తిరగాల్సిన పని లేదు. శిక్షగా తెలిసిన ఈ గుంజీ నిజానికి చక్కని స్క్వాట్ పాఠం. దీనికున్న పరిమితి ఒక్కటే: బరువు పెరగదు, లెక్క మాత్రమే పెరుగుతుంది. లెక్క పెంచితే ఓపిక పెరుగుతుంది. బలం పెరగాలంటే బరువు కావాలి.

ఛాతీ ముందు బరువు

మొదటి మెట్టు గాబ్లెట్ స్క్వాట్. దీనికి ప్రాచుర్యం తెచ్చినవాడు అమెరికన్ కోచ్ డాన్ జాన్. ఒక డంబెల్‌ను నిలువుగా, పాలగిన్నెను రెండు అరచేతుల్లో పట్టుకున్నట్టు ఛాతీకి ఆనించి పట్టుకోవాలి. కిందికి దిగినప్పుడు మోచేతులు మోకాళ్ళ లోపలివైపుకు రావాలి. ముందున్న బరువు సమతూకం ఇస్తుంది కాబట్టి వీపు నిటారుగా ఉంటుంది, కొత్తవారు కూడా లోతుగా దిగగలుగుతారు. 8 నుంచి 10 సార్ల చొప్పున మూడు సెట్లు చాలు. బరువు పెరిగేకొద్దీ కాళ్ళకంటే ముందు చేతులు అలసిపోతాయి. ఆ దశ వచ్చిందంటే తర్వాతి మెట్టు ఎక్కాలి.

అది ఫ్రంట్ స్క్వాట్. శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అందులో 130 కిలోలు క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తినవి. క్లీన్‌లో బార్‌ను భుజాల ముందు అందుకుని లేచే ఘట్టమే ఫ్రంట్ స్క్వాట్. లిఫ్టర్లు మోచేతులు పైకెత్తి, మణికట్టు బాగా వెనక్కి వంచి బార్ పట్టుకుంటారు. అంత వంపు మనకు రాకపోయినా నష్టం లేదు. బార్‌ను గొంతుకు దగ్గరగా, భుజాల ముందు కండ మీద నిలిపి, కుడి చేతిని ఎడమ భుజం మీద, ఎడమ చేతిని కుడి భుజం మీద వేయాలి. గమనించారా, ఇది గుంజీల భంగిమే! చెవుల బదులు బార్‌ను పట్టుకుంటున్నాం, అంతే. మోచేతులు కిందికి జారితే బార్ కూడా జారుతుంది. కాబట్టి లేచేటప్పుడు ముందు మోచేతులు లేవాలి. చేతులు అడ్డంగా వేయడం కుదరకపోతే బార్‌కు రెండు స్ట్రాప్‌లు చుట్టి, ఎద్దు పగ్గాలు పట్టినట్టు పట్టుకోవచ్చు.

మోచేతి మడతలో

గుండు ఎత్తే పందెం కుర్రాడికి దగ్గరి చుట్టం జర్చర్ స్క్వాట్. 1930లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన ఎడ్ జర్చర్ అనే బలశాలి పేరు దీనికి వచ్చింది. బార్‌ను మోచేతి మడతల్లో పెట్టుకుని, పిడికిళ్ళు గడ్డం వైపు ఉంచి కూర్చుని లేవాలి. భుజం దాదాపు కదలనక్కర లేదు. వీపు, పొట్ట కండరాలకు మాత్రం గట్టి పని పడుతుంది. బస్తాను, సిలిండర్‌ను, నిద్రపోయిన బిడ్డను ఎత్తుకోవడానికి ఇంతకంటే దగ్గరి సాధన లేదు. మొదట్లో మోచేతి మడత నొప్పి పెడుతుంది కాబట్టి బార్‌కు మందపాటి టవల్ చుట్టి, ఖాళీ బార్‌తోనే మొదలుపెట్టాలి.

భుజానికి పూర్తి సెలవు

పెద్ద జిమ్‌లో సేఫ్టీ స్క్వాట్ బార్ ఉంటే అదృష్టమే. మెత్తటి దిండ్లతో కాడిలా మెడ మీద కూర్చుంటుంది. పిడులు ఛాతీ ముందుకు వస్తాయి కాబట్టి చేతులు వెనక్కి పోనక్కర లేదు. 1987లో, 45 ఏళ్ళ వయసులో 1,014 పౌండ్లు, అంటే దాదాపు 460 కిలోలు స్క్వాట్ చేసిన పవర్‌లిఫ్టర్ ఫ్రెడ్ హాట్‌ఫీల్డ్ ఈ బార్‌ను గట్టిగా సమర్థించేవాడు. ఈ బార్ మనిషిని ముందుకు తోస్తుంది. దాన్ని తట్టుకోవడానికి వీపు పైభాగం కష్టపడుతుంది. అందుకే అలవాటైన బరువుకంటే తగ్గించి మొదలుపెట్టాలి.

ఆ బార్ లేని చోట బెల్ట్ స్క్వాట్ ఉంది. నడుముకు బెల్ట్ కట్టి, గొలుసుకు ప్లేట్లు వేలాడదీసి, కదలని రెండు దిమ్మెల మీద నిలబడి చేస్తారు. వెన్ను మీద కూడా భారం ఉండదు. ఏ పరికరమూ లేకపోతే రెండు డంబెల్స్, ఒక బెంచీ చాలు. వెనక పాదాన్ని బెంచీ మీద పెట్టి, డంబెల్స్‌ను పక్కలకు వేలాడదీసి ఒంటికాలి మీద కూర్చుని లేవాలి. పని ఎక్కువగా ఒక కాలి మీదే పడుతుంది కాబట్టి తక్కువ బరువే ఎక్కువ ఫలితమిస్తుంది. తూకం కుదిరేదాకా ఖాళీ చేతులతోనే చేయాలి.

ఒక మాట

మెడ వెనక బార్‌తో ఎత్తినంత బరువు ఈ పద్ధతుల్లో చాలామటుకు ఎత్తలేం. అందుకు చిన్నబోనక్కర లేదు. ప్లేట్ల లెక్కతో తొడలకు పని లేదు, వాటికి తెలిసేది శ్రమే. అలాగని భుజాన్ని గాలికి వదిలేయకూడదు. వీపు పైభాగాన్ని వెనక్కి వంచే సాధన, ఛాతీని సాగదీసే సాధన రోజూ పది నిమిషాలు చేస్తే చాలామందికి కొన్ని నెలల్లో కదలిక మెరుగవుతుంది. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, చేయి తిమ్మిరెక్కడం, జుట్టు దువ్వుకోలేనంత బిగుతు ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

వయసు మీదపడ్డాక కుర్చీలోంచి ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలగడం పెద్ద సంపద. ఆ సంపద కాళ్ళలో దాచుకోవాల్సింది ఇప్పుడే. భుజం సహకరించలేదని కాళ్ళకు అన్యాయం చేయకండి. రేపు ఉదయం రెండు చెవులూ పట్టుకుని పది గుంజీలు తీయండి. అక్కడి నుంచి మీ బరువుకు తగిన చోటు మీరే వెతుక్కోండి.